పడవ కప్పు మీద ఎనిమిది చిల్లులు

ఆ ఏడు ఏప్రిల్ రెండో వారంలో నా భార్య మెరెటె మా పడవ కప్పుకి ఎనిమిది చిల్లులు పెట్టింది. నాతో ఒక్క మాట చెప్పలేదు. చలికాలమంతా మా ఊరు ఫోబోర్ రేవు ఒడ్డున దిమ్మెల మీద నిలబెట్టి ఉంచిన పడవకి అడుగు రంగు వేద్దామని డబ్బా పట్టుకుని వెళ్లాను. వెళ్లేసరికి ఆవిడ క్యాబిన్ కప్పు మీద మోకాళ్లు ఆనించి, డ్రిల్లు బిగించి పట్టుకుని ఎనిమిదో దాన్ని పూర్తి చేస్తోంది.

"ఏంటిది?" అన్నాను నిచ్చెన కింద నుంచి.

"చిల్లు."

"అది కనిపిస్తూనే ఉంది. ఎందుకని అడుగుతున్నా."

"తాళ్లన్నీ వెనక్కి తెస్తున్నా ప్రెబెన్. ఇకమీద ఏ తాడు కావాలన్నా చుక్కాని దగ్గర, కాక్‌పిట్‌లో కూర్చునే లాగొచ్చు. తెరచాప స్తంభం దగ్గరికి ఎవరూ వెళ్లక్కర్లేదు."

"వెళ్లేది నేనే కదా?"

"అదే చెప్తున్నా. నువ్వు వెళ్లక్కర్లేదు."

"మరి నేనేం చెయ్యాలి?"

ఆవిడ చిల్లులోంచి పొట్టు ఊదేసి నా వైపు చూసింది. "కూర్చో," అంది. "కాఫీ పోసివ్వు."

ఆ పడవ మా మామగారిది. పేరు టెర్నె. ఆయన పోయాక మెరెటెకి వచ్చింది. ఇరవయ్యేడేళ్లుగా ఆవిడ వెనక కాక్‌పిట్‌లో చుక్కాని పట్టుకుంటుంది, నేను ముందు తెరచాప స్తంభం దగ్గరుంటాను. గాలి ముదిరితే "ప్రెబెన్!" అని ఒక్క కేక వేస్తుంది. నేను కప్పు మీద పాకుతూ వెళ్లి చాప కుదించి వస్తాను. పడవలో నాకు ఇంకో పని రాదు. నేను చుక్కాని పడితే పడవ తాగినవాడిలా నడుస్తుందని పెళ్లైన కొత్తలోనే మా మామగారు తేల్చేశారు. ఆయన తీర్పు మీద అప్పీలు లేదు.

ఆ జనవరిలోనే నేను ఉద్యోగంలోంచి దిగిపోయాను. ముప్ఫయ్యొక్క ఏళ్లు ఊరి బడిలో తాళాలు, కిటికీలు, కుళాయిలు చూసుకున్న వాణ్ని. ఇక ఇంటికి ఏ లోటూ రానివ్వకూడదని నిశ్చయించుకున్నాను. చెంచాల సొరుగు సర్దాను. మెరెటె వంటింటి సీసాలన్నిటికీ పేర్లు రాసి అంటించాను. ఆవిడ ఆస్పత్రి డ్యూటీ నుంచి సైకిల్ మీద వచ్చేసరికి గుమ్మంలో ఎదురు నిలబడి, ఆ రోజంతా నేనేం చేశానో పూసగుచ్చినట్టు చెప్పేవాణ్ని. ఆవిడ సంతోషిస్తోందనే అనుకున్నాను.

కాబట్టి ఈ చిల్లుల సంగతి నాకు కొరుకుడు పడలేదు. ముసలివాణ్నయిపోయానని అనుకుంటోందా? పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడి లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను. కుడికాలి మీద నలభై దాకా వచ్చేది. ఒక ఉదయం మెరెటె తలుపు తీసి చూసింది.

"మోకాలు నొప్పా?"

"లేదే."

"మరి కొంగలా ఏంటది?"

"ఊరికే."

ఆవిడ తలుపు మూసేసింది. ఆవిడ నన్ను ఇంకేం అడగలేదు, నేను ఆవిణ్ని అడగలేదు. ఆ వసంతమంతా మా ఇంట్లో అదే తంతు.

అయితే పని సరిగ్గా జరగకపోతే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు. రెండు రోజులు బిగుసుకుని కూర్చుని మూడో రోజు నేనే నిచ్చెన ఎక్కాను. ఆవిడ పెట్టిన ప్రతి చిల్లునీ ఇంకా పెద్దది చేసి, లోపల జిగురు నింపి, గట్టిపడ్డాక దాని నడుమ మళ్లీ చిన్న చిల్లు పెట్టాను. అలా చెయ్యకపోతే వాన నీళ్లు కప్పు లోపలి చెక్కలోకి దిగి రెండేళ్లలో కుళ్లబెడతాయి. స్తంభం నిలబెట్టే చోట కప్పీలు బిగించాం. అక్కణ్నుంచి తాళ్లు పక్కకి తిరిగి, కప్పు మీదుగా వెనక్కి పాకి, క్యాబిన్ తలుపు పక్కన వరసగా ఉన్న మీటల కిందికి వచ్చేలా అమర్చాం. మీట ఎత్తితే తాడు వదులవుతుంది, దించితే బిగుస్తుంది. పెద్ద చాపని పైకెత్తే తాడు నీలం, ముందు చాపది ఆకుపచ్చ. మెరెటె ఈల వేసుకుంటూ పనిచేసింది. ఆవిడ ఈల విని ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదు.

మే మొదటి వారంలో క్రేన్ వచ్చి పడవల్ని వరసగా నీళ్లలో దింపింది. స్తంభం నిలబెట్టిన రోజు మెరెటె దాని పక్కన నిలబడి, నడుం ఎత్తున ఉన్న కొక్కేన్ని వేలితో తట్టింది.

"దీన్నేం చేద్దాం?" అంది. "ఉంచేద్దామా? లేకపోతే దీని బదులు కూడా ఒక తాడేసి వెనక్కి తెద్దామా?"

ఆ కొక్కెం కథ ఇంతే. గాలి ఎక్కువైనప్పుడు పెద్ద చాపని కొంత దించాలి. చాప ముందు అంచున కుట్టిన ఇనుప ఉంగరాన్ని ఆ కొక్కేనికి తగిలించి, చాపని మళ్లీ పైకి బిగించాలి. అప్పుడు చాప చిన్నదవుతుంది, పడవ వాలడం తగ్గుతుంది. ఇన్నాళ్లూ పైకెత్తే తాడు కూడా స్తంభం దగ్గరే ఉండేది కాబట్టి నేనొక్కణ్నే ఎడమ చేత్తో తాడు వదులుతూ కుడి చేత్తో ఉంగరం తగిలించేవాణ్ని. నిమిషంలో పని.

"ఇది నీ ఇలాకా," అంది మెరెటె. "నాకు దీని గురించి ఏం తెలుసు? నువ్వెలా అంటే అలా."

"కొక్కెం ఉండనీ," అన్నాను. "తాడైతే రాపిడి ఎక్కువ. ఎక్కడో మెలిక పడి సరిగ్గా అవసరమైనప్పుడే ఇరుక్కుంటుంది. కొక్కెం ఎప్పుడూ మొండికెయ్యదు."

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. కావాలంటే ఇప్పుడైనా ప్రమాణం చేస్తాను.

"సరే, నీకే తెలుసు," అంది ఆవిడ. స్క్రూల డబ్బా మూత పెట్టేసింది.

జూన్‌లో ఒక ఆదివారం స్కారో దీవి దాకా వెళ్లి చూశాం. దారిలో గాలి పెరిగింది. "ప్రెబెన్!" అనే కేక కోసం నా ప్రాణం లేచి కూర్చుంది. మెరెటె కేక వెయ్యలేదు, మామూలుగానే అంది: "చాపకి మడత వేద్దామా?" అని. నేను ముందుకి పాకాను. ఆవిడ వెనక నుంచి మీట ఎత్తి చాప దించింది. నేను ఉంగరం తగిలించి పట్టుకున్నాను. ఆవిడ మళ్లీ బిగించింది.

"అబ్బ, భలేగా ఉందే!" అని అరిచింది. "కూర్చున్నచోటు నుంచి కదల్లేదు చూడు!"

నేనూ నవ్వాను. నిజంగానే సంతోషం వేసింది. ఇంత హడావిడి చేసినా చివరికి నేను ముందే ఉన్నాను, ఆవిడ వెనకే ఉంది. పాత లోకం ఎక్కడికీ పోలేదు.

దీవి పక్కన లంగరు వేశాక రై రొట్టె మీద హెర్రింగ్ చేప ముక్కలు పెట్టుకుని తిన్నాం. దీవి మీద కొన్న స్ట్రాబెర్రీల బుట్ట మా ఇద్దరి మధ్యలో ఉంది. మెరెటె ఒక పండుకి తొడిమ తీస్తూ, తలెత్తకుండా అంది.

"జులైలో పడవ వేసుకుని సామ్సో దీవికి వెళ్తున్నా. పన్నెండు రోజులు."

"మంచిదే. ఎప్పుడు బయల్దేరదాం?"

"నేను వెళ్తున్నా ప్రెబెన్. ఒక్కదాన్నే."

పండు నా నోట్లోనే ఆగిపోయింది.

"నన్ను వదిలేస్తున్నావా?" అన్నాను. అలా అడగాలనుకోలేదు. వచ్చేసింది.

ఆవిడ నవ్వింది. తర్వాత నేను నవ్వట్లేదని చూసి ఆపింది. "పన్నెండు రోజులు అన్నా. లెక్కలు వచ్చు కదా నీకు."

"మరి ఎందుకు?"

"ఎందుకంటే..." కాసేపు నీళ్లకేసి చూసింది. "ఇరవయ్యేడేళ్లుగా సముద్రం చూద్దామని కూర్చుంటే నీ వీపే కనిపిస్తోంది. మంచి వీపే. కాదనను. దాని వెనకాల ఏముందో ఒక్కసారి చూడాలనుంది."

"పక్కకి జరగమంటే జరిగేవాణ్ని కదా."

"అదిగో, అదే," అంది మెరెటె. "నీకు అర్థం కాదని తెలుసు. అయినా కోపంగా లేను, సరేనా? తిను."

అర్థం కాలేదు. కోపంగా లేనని ఎందుకు చెప్పాల్సి వచ్చిందో అదీ అర్థం కాలేదు. ఇంటికి తిరిగొచ్చేదాకా నేను స్తంభం దగ్గర కూర్చోవాలా, కాక్‌పిట్‌లో కూర్చోవాలా తెలియక రెండింటికీ మధ్యన కప్పు మీద కూర్చున్నాను. చొక్కా తడిసిపోయింది.

జులై మొదటి సోమవారం థోర్కిల్ మా పడవ ఎక్కాడు. ఎనభై ఏళ్లవాడు, బతుకంతా తెరచాపలు కుట్టినవాడు. ఇప్పుడు పని మానేశాడు గానీ రేవులో ఏ పడవ మీద కొత్త స్క్రూ పడినా ఆయన వచ్చి చూడాల్సిందే. మెరెటె డ్యూటీలో ఉంది. నేను బీరు ఇచ్చాను. ఆయన తాళ్లని ఒక్కొక్కటే వేళ్లతో తడుముతూ వెనక నుంచి ముందుకి నడిచి, స్తంభం దగ్గర ఆగిపోయాడు.

"పైకెత్తే తాడు వెనకుంది. కొక్కెం ఇక్కడుంది. ఎవరిదబ్బాయ్ ఈ తెలివి?"

నాకు అప్పటికి అరవై రెండు. "నాదే," అన్నాను.

"ఇద్దరుంటే బ్రహ్మాండం. మెరెటె ఒక్కతే వెళ్తోందటగా?"

"ఆ."

"అయితే వినుకో. వెనక తాడు వదిలి, చుక్కాని వదిలి, ముందుకి పరిగెత్తుకొచ్చి ఉంగరం తగిలిస్తుంది. సరే. చెయ్యి తియ్యగానే చాప తటతటా కొట్టుకుని ఉంగరం ఊడిపోతుంది. పట్టుకునే ఉందామంటే వెనక్కెళ్లి బిగించేదెవరు? ఆ గాలిలో, వాలిన కప్పు మీద, ముందుకీ వెనక్కీ ఎన్నిసార్లు తిరుగుతుంది? మీ పాత పద్ధతే నయం కదయ్యా. ఒక్కడు ఒక్కచోట నిలబడి చేసుకునేవాడు."

నేను బీరు సీసా మీది కాగితం గోటితో చింపుతున్నాను.

"నీకు తెలీదా ఇది?" అన్నాడు థోర్కిల్.

"చెప్తాను తనకి," అన్నాను.

"నేనడిగింది అది కాదు," అని ఆయన మిగిలిన బీరు తాగి దిగిపోయాడు.

తెలీదా నాకు? ఇరవయ్యేడేళ్లు ఆ కొక్కెం దగ్గరే గడిపినవాణ్ని. కళ్లు మూసుకుని దాన్ని తగిలించగలను. అలాంటివాడికి ఇంత చిన్న సంగతి తట్టలేదంటే ఎవరు నమ్ముతారు? తట్టిందనీ చెప్పలేను. మే నెలలో ఆ స్తంభం పక్కన నిలబడి రాపిడి గురించి మాట్లాడుతున్నప్పుడు నా బుర్రలో రాపిడే ఉంది. దాని అడుగున ఇంకేదైనా ఉందేమో, ఎంత తవ్వినా నాకు దొరకలేదు.

ఆవిడ శుక్రవారం బయల్దేరాలి. మంగళవారం చెప్పలేదు. బుధవారం చెప్పలేదు. నడి సముద్రంలో మడత వెయ్యడం కుదరక వెనక్కి తిరిగొచ్చి, తలుపు తీసి, "నువ్వు లేకపోతే అవ్వట్లేదు ప్రెబెన్" అంటుందని ఊహించుకున్నాను. ఆ ఊహ నాకు నచ్చింది. రెండోసారి ఊహించుకుంటే ఆవిడ తిరిగి రాలేదు, ఖాళీ పడవ వచ్చింది. బంగాళాదుంపల చెక్కు తీస్తున్నవాణ్ని కత్తి పక్కన పెట్టి కూర్చుండిపోయాను. అయినా చెప్పలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

గురువారం పొద్దున రేడియోలో వాతావరణం చెప్పారు. శుక్రవారం మధ్యాహ్నానికి పడమటి గాలి గట్టిపడుతుంది. మెరెటె వంటింటి బల్ల మీద రొట్టెలు, డబ్బాలు, ఉన్ని సాక్సులు పెట్టుకుని సంచిలో సర్దుతోంది.

"ఫర్వాలేదు," అంది రేడియోతో. "ముందే మడత వేసుకుంటా."

"అది పడదు," అన్నాను.

"ఏది?"

"మడత. ఒక్కదానివి వెయ్యలేవు. కొక్కెం ఉంది కదా... అక్కడ ఒకళ్లు పట్టుకోవాలి. వెనక ఒకళ్లు బిగించాలి. నేను ఉంచమన్నది తప్పు."

ఆవిడ సాక్సులు పట్టుకుని నిలబడింది. మనసులో ఒక్కసారి అంతా చేసి చూసుకుంటోందని ఆవిడ చేతులు కదిలే తీరుని బట్టి తెలిసింది. వదలడం, పరిగెత్తడం, తగిలించడం. అక్కడ చేతులు ఆగిపోయాయి.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"సోమవారం థోర్కిల్ చెప్పాడు."

"ఎప్పట్నుంచి తెలుసు నీకు ప్రెబెన్?"

"మే నుంచేమో," అన్నాను. "నాకు తెలీట్లేదు మెరెటె. ఒట్టు. తెలిస్తే చెప్పేవాణ్ని."

"నేను చచ్చిపోయేదాన్ని."

"అవును."

"అక్కడ పడిపోతే పైకి లాగడానికి ఒక్క మనిషి ఉండడు. నీ మాట మీద నేను ఆ కొక్కెం వైపు మళ్లీ చూడను కూడా చూళ్లేదు. ఒక్కసారి కూడా."

ఆవిడ సాక్సుల్ని సంచిలో పెట్టి, జిప్పు లాగి, గోడకి ఉన్న కోటు తీసుకుంది. వెళ్లిపోతోందనుకున్నాను, పడవ మీద కాదు, ఇంకెక్కడికో.

"డ్రిల్లు తీసుకురా," అంది.

తొమ్మిదో చిల్లు, పదో చిల్లు నేనే పెట్టాను. జిగురు గట్టిపడే వ్యవధి లేక అప్పటికి నీళ్లు దిగకుండా సీలెంట్ పూసి సరిపెట్టాను. థోర్కిల్ ఏమీ అడక్కుండా తన పాత పెట్టెలోంచి ఒక చిన్న కప్పీ తెచ్చిచ్చాడు. కొత్త తాడు ఒక కొసని స్తంభానికి కట్టి, ఉంగరంలోంచి దూర్చి, కిందికి దింపి, కప్పీ తిప్పి, కప్పు మీదుగా వెనక్కి తెచ్చి కొత్త మీట కింద పెట్టాను. వెనక నుంచి లాగితే ఉంగరం తనంత తానే కిందికి దిగి బిగుసుకుంటుంది. ఇక అక్కడ మనిషి చెయ్యి అక్కర్లేదు. నీలం తాడు ఎంత వదలాలో తెలియడానికి దాని మీద ఒకచోట ఎర్ర దారం చుట్టి కుట్టాను. కొక్కేన్ని స్తంభం నుంచి విప్పుతుంటే ఒక స్క్రూ మొండికేసింది. మెరెటె చూస్తూ నిలబడింది, సాయం పట్టలేదు.

తర్వాత రేవులోనే, కట్టేసిన పడవ మీద, చాపెత్తి మడత వెయ్యడం నేర్చుకుంది. నేను గట్టు మీద గడియారం పట్టుకుని నిలబడ్డాను.

"ఎర్ర దారం మీట దగ్గరికొచ్చేదాకా వదులు. ఆ. ఇప్పుడు కొత్త తాడు లాగు. ఇంకా. ఇప్పుడు నీలం బిగించు."

"ఎంత?"

"నాలుగు నిమిషాలు."

"మళ్లీ."

ఆ సాయంత్రం నాతో ఆవిడ మాట్లాడిన మాటలు ఆ రెండే. ఎంత, మళ్లీ. పదకొండోసారి యాభై రెండు సెకన్లకి వచ్చింది. ఇరవయ్యేడేళ్లలో నేనెప్పుడూ అంత తొందరగా వెయ్యలేదు. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. అదొక్కటీ నా దగ్గరే ఉంచుకున్నాను.

శుక్రవారం తొమ్మిదింటికి కట్లు విప్పాను. ఆవిడ ముద్దు పెట్టలేదు. చెయ్యి ఊపలేదు. పడవ గట్టు నుంచి మూడు బారలు దూరం వెళ్లాక మాత్రం, ముందుకి చూస్తూనే, "తాడు బాగా జారుతోంది," అంది.

"సబ్బు రాశాను," అన్నాను. అప్పటికే వినపడనంత దూరం వెళ్లింది.

రేవు కట్ట చివరి రాళ్ల దాకా నడిచి కూర్చున్నాను. గాలి మధ్యాహ్నం కాకముందే ముదిరింది. పదకొండుకే నీళ్లు నల్లబడి, అలల తలలు తెల్లగా విరగడం మొదలైంది. దూరంగా మా పడవ టెర్నె ఒక పక్కకి వాలిపోయింది. పక్కన ఎవరో కూర్చున్నారు. చూస్తే థోర్కిల్, చేతిలో దుర్భిణి.

"ఇప్పుడు వెయ్యాలి," అన్నాను.

"వేస్తుందిలే."

"ఇప్పుడే వెయ్యాలి. ఆలస్యమైపోతోంది. ఏంటలా చూస్తుంది ఇంకా?"

ఆవిడ వెయ్యలేదు. పడవ ఇంకా వాలింది. కప్పీ స్క్రూలు బిగించానా? నాలుగూ బిగించాను. నాలుగోది? సబ్బు రాసి పాడుచేశానేమో, మీట పట్టు తప్పుతుందేమో. మే నెలలో నా చేతులు ఏం చేశాయో నాకే తెలియనప్పుడు నిన్న ఏం చేశాయో మాత్రం ఎలా తెలుస్తుంది? అప్పుడు చాప వణికింది. కొంచెం కిందికి జారింది. ఒక్క క్షణం వదులుగా కొట్టుకుంది. మళ్లీ పైకి లేచి బిగుసుకుంది. చిన్న చాపతో పడవ నడుం నిటారు చేసుకుని, అలల్ని కోసుకుంటూ సాగిపోయింది.

థోర్కిల్ దుర్భిణి నాకిచ్చాడు. కాక్‌పిట్‌లో మెరెటె ఎర్ర కోటు కనిపించింది. ఆవిడ ముందు కప్పు ఉంది, స్తంభం ఉంది, చాప ఉంది, ఆ తర్వాత నీళ్లు. అడ్డంగా ఎవరూ లేరు.

"ఏంటయ్యా, ఏడుస్తున్నావా?" అన్నాడు థోర్కిల్.

"ఊ."

"మడత బాగా పడిందిగా?"

"అందుకే," అన్నాను. దుర్భిణి తిరిగివ్వాలని గుర్తు రాలేదు. ఆవిడ కనిపించినంతసేపూ చూస్తూనే ఉన్నాను.